ఏదీ సారు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే మా పాత బ్యాచ్ గ్రూపులో ఒక ఫొటో కనిపించింది. ఎథిక్స్ సారు పోయారు. ఫొటో కింద మావాడే ఒకడు రాశాడు: "నిజాయితీ, సహానుభూతి, నిష్పాక్షికత మూర్తీభవించిన మహనీయునికి అశ్రునివాళి." ఏడుపు రావాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. సారు బతికుండి ఆ వాక్యం చదివితే ఎర్ర పెన్నుతో మొత్తం కొట్టేసి, పక్కన ఒకే ఒక్క మాట రాసేవారు. "ఏదీ?"

ఆ మాటతోనే మేం ఆయనకు పేరు పెట్టుకున్నాం. అసలు పేరు కోచింగ్ సెంటర్ బోర్డు మీద ఉండేది గానీ, అశోక్‌నగర్ గల్లీల్లో ఎవరిని అడిగినా "ఏదీ సారా? జిరాక్స్ దుకాణం పైన, మొదటి అంతస్తు" అనే చెప్పేవాళ్లు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనబడనిచ్చేవారు కాదు.

మాటకు తోడు ఒక చెయ్యి కూడా ఉండేది. క్లాసులో ఎవరైనా ఏదైనా విషయం తెలిసినట్టు చెబితే చాలు, ఆయన కుడి చెయ్యి ముందుకు వచ్చేది. అరచేయి పైకి పెట్టి, కొట్టు ముందు నిలబడి చిల్లర కోసం ఎదురుచూసే మనిషిలా, అలాగే ఉంచేవారు. చెప్పినవాడు ఆ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. చూశానని చెప్పాలి, లేదా ఎవరు చూశారో చెప్పాలి, లేదా తెలియదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న మరుక్షణం చెయ్యి వెనక్కి పోయేది. మావాళ్లలో చాలామందికి మొదటి రెండూ చేతనయ్యేవి కావు, మూడోది అసలే చేతనయ్యేది కాదు.

సివిల్స్ రాసేవాళ్లకు ఎథిక్స్ అని ఒక పేపరు ఉంటుంది. అందులో కథలాంటి ప్రశ్నలు ఇస్తారు. మీరొక జిల్లాకు ఎస్పీ. ఒక పసిపిల్ల తప్పిపోయింది. అనుమానితుడు మీ కస్టడీలో ఉన్నాడు, నోరు విప్పడం లేదు. ఊరంతా స్టేషన్ ముందుకొచ్చి కూర్చుంది. మీరేం చేస్తారు? ఇలాంటి వాటికి మా దగ్గర ఒక తయారీ జవాబు ఉండేది. మూడు దారులు రాయాలి. ఒకటి మరీ కఠినంగా ఉండాలి, ఒకటి మరీ మెత్తగా ఉండాలి, ఇంకొకటి మధ్యలో ఉండాలి. ఒక్కోదానికి లాభనష్టాలు రాసి, చివరికి మధ్యదారి పట్టుకుని, దాని మీద కొంచెం కరుణ చల్లాలి. ఉప్పుకారం వేసినట్టు ఎక్కడెంత చల్లాలో మాకు బాగా తెలుసు.

సారు ఈ జవాబులను చదివి విసుక్కునేవారు కాదు. అదే ఆయనలో పెద్ద ఇబ్బంది. కళ్లజోడు తీసి, దగ్గరున్నవాడి వైపు చెయ్యి చాచి, "ఆ చేతిరుమాలు ఇలా ఇవ్వు" అనేవారు. ఆయన దగ్గర చేతిరుమాలు ఎప్పుడూ ఉండేది కాదు. వాడి రుమాలుతో అద్దాలు తుడుచుకుని, దాన్ని తన జేబులో పెట్టుకుని, అప్పుడు మొదలుపెట్టేవారు. మా బ్యాచ్‌లో రుమాలు పోగొట్టుకోని మనిషి లేడు.

"అనుమానితుడు పాత నేరస్థుడు కాబట్టి అని రాశావు. ఏదీ?"

"పోలీసులు పట్టుకొచ్చిన్రు కద సార్."

"మొన్న నిన్ను నారాయణగూడ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు పట్టుకున్నాడుగా. నువ్వూ పాత నేరస్థుడివేనా?"

క్లాసంతా నవ్వేది. పట్టుబడ్డవాడు కూడా నవ్వేవాడు. కానీ చాచిన చెయ్యి మాత్రం అక్కడే ఉండేది.

ఆయన సొంత ఇల్లు చిక్కడపల్లిలో. ఆయన నాన్నగారు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. సారు ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడి కోర్టుల్లోనే ప్రాసిక్యూటరుగా పనిచేసి రిటైరయ్యారు. అయినా ఇంట్లో నేర్చిన భాష మారలేదు. కోపం వస్తే మాత్రం "పరేషాన్ చేయకయ్యా" అనేవారు. ప్యాంటు మీద వదులు చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని, చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు కొని, ఆ సంచీతోనే క్లాసుకు వచ్చేవారు. రాజ్యాంగ విలువల మీద చెబుతున్నంతసేపూ బల్ల మీద ఆనపకాయ ఉండేది.

ఎవడో ఒకడు ఆయన్ని ప్రతి బ్యాచ్‌లోనూ అడిగేవాడు, సార్ మీరు ఎన్ని కేసులు గెలిచిన్రు అని. మా బ్యాచ్‌లో అడిగింది నేనే. నాకప్పుడే ఎస్సై పరీక్షలో సెలక్షన్ వచ్చింది, కాళ్లు నేల మీద లేవు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు.

"గెలవడానికి నేనేమైనా పందెం కాశానా? పోలీసులు తెచ్చింది తెచ్చినట్టు జడ్జిగారి ముందు పెట్టడం నా పని. లేనిదాన్ని లేదని చెప్పడం కూడా నా పనే. రెండోది చేసినరోజు ఇన్‌స్పెక్టర్లు నాతో టీ తాగేవారు కాదు."

"మరి మీకు బాధ కాలేదా సార్?"

"టీ నేను ఇంటికెళ్లి తాగేవాణ్ని."

ఇంకోసారి ఫుట్‌పాత్ దుకాణాలు ఎత్తేయడం మీద ప్రశ్న వచ్చింది. మీరు మున్సిపల్ కమిషనర్, రోడ్డు వెడల్పు చేయాలి, ఏం చేస్తారు? మేమందరం మానవీయ పునరావాసం అని రాశాం. ఆయన పేపర్లు చదివి, మమ్మల్ని లేపి, ఎండలో నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా నడిపించారు. అక్కడ కింద సామాన్లు పెట్టుకుని అమ్మేవాళ్లను ఒక్కొక్కరం ఒక్కొక్కరిని పలకరించాలట. నాకు నిమ్మకాయలు అమ్మే పెద్దమ్మ దొరికింది. "అమ్మా, నిన్ను ఇక్కడికెల్లి తీసేస్తె ఎటు పోతవు?" అని అడిగాను. ఆమె నన్ను చూసి, "తీసేటోనివి నువ్వేనా? ముందుగాల నిమ్మకాయలు కొను, తర్వాత తీద్దువుగాని" అంది. నిమ్మకాయలు కొనుక్కుని వెనక్కి వచ్చాను. మానవీయ పునరావాసం మాత్రం ఆ తర్వాత ఏ జవాబులోనూ రాయలేకపోయాను. ఆ మాట రాయబోతే ఆమె మొహం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయేది.

ఇవన్నీ సరదా సంగతులు. ఆయన నాకు నిజంగా తెలిసింది ఒక్క మధ్యాహ్నమే. ఆ మధ్యాహ్నం నేను బోర్డు పక్కన దొంగలా నిలబడి ఉన్నాను.

క్లాసు మొదటి అంతస్తులో, దాని పైన రెండో అంతస్తులో రీడింగ్ హాలు. నెలనెలా కట్టి, ఒక బల్లా కుర్చీ తీసుకుని పొద్దుణ్ణుంచి రాత్రిదాకా చదువుకునే చోటు. అక్కడ చదివేవాళ్లు చాలామంది జిల్లాల నుంచి వచ్చి చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండేవాళ్లు. నేను రాంనగర్ వాణ్ని. మా ఇంట్లో టీవీ ఉంది, తమ్ముళ్లున్నారు, చదువు సాగదు, అందుకని నడుచుకుంటూ ఇక్కడికి వచ్చేవాణ్ని. మధ్యాహ్నం అందరూ మెస్సుకు పోయేవాళ్లు. అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఉంటుంది కాబట్టి నేను హాల్లోనే తినేవాణ్ని. హాల్లో నేను ఒక్కణ్నే మిగిలేది భోజనాల వేళే. అమ్మ చేసిన పప్పుచారు నన్ను ముద్దాయిని చేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ ఆదివారం అందరూ తిని వచ్చేసరికి ఒక అక్క ల్యాప్‌టాప్ పోయింది. ఆమెది కరీంనగర్ వైపు. నాకంటే చాలా ఏళ్లు పెద్ద, అందరం అక్క అనేవాళ్లం. అది ఆమెకు చివరి ప్రయత్నం, వయసు దాటిపోతోంది. చదివిందంతా, రాసుకున్నదంతా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఆమె అరవలేదు. బల్ల కింద, సంచీలో, మళ్లీ బల్ల కింద చూసి, కూర్చుని ఏడ్చింది. హాల్లో కెమెరా ఉంది గానీ అది చాలా రోజుల నుంచి గోడకు అలంకారమే. ఇక అందరి తలలూ నా వైపు తిరిగాయి.

ఇక్కడ మామూలు జనమైతే నాలుగు తన్ని స్టేషన్‌కు ఈడ్చుకుపోయేవాళ్లు. వీళ్లు మామూలు జనం కాదు, కాబోయే కలెక్టర్లు. ముగ్గురు సీనియర్లు వెంటనే విచారణ కమిటీ అయిపోయారు. తెల్లబోర్డు మీద మార్కరుతో మూడు దారులు రాశారు, నా ముందే. ఒకటి, పోలీసులకు అప్పగించడం. లాభం: చట్టపాలన. నష్టం: వాడి ఉద్యోగం పోతుంది. రెండు, వదిలేయడం. లాభం: హాలుకు చెడ్డపేరు రాదు. నష్టం: అక్కకు అన్యాయం. మూడు, వాడితో తప్పు ఒప్పుకుంటూ కాగితం రాయించుకుని, ల్యాప్‌టాప్ తిరిగి తీసుకుని, క్షమించేయడం. దాని కింద రెండుసార్లు గీత గీశారు.

నా పక్షం కూడా విన్నారండోయ్. "నీకు చెప్పుకునే అవకాశం ఇస్తున్నం" అన్నాడు కమిటీలో పెద్దవాడు. నేను తీయలేదన్నాను. సరే అని తలాడించి, బోర్డు మీద 'వాదన విన్నాం' అని రాసి టిక్కు పెట్టాడు.

"చూడు తమ్మి, నీకు ఎస్సై వచ్చింది. ఇంకా వెరిఫికేషన్ కాలే. నీ మీద కేసైతే ఏమైతదో నీకు తెల్వదా? మేం నీ మంచికే చెప్తున్నం. కాగితం రాసి సంతకం పెట్టు. అది మా దగ్గర్నే ఉంటది, బయటికి పోదు."

నాకు తెలుసు. ఉద్యోగంలో చేరేముందు మన మీద పోలీసు కేసులేమైనా ఉన్నాయా అని చూస్తారు. ఒక్క ఎఫ్ఐఆర్‌లో ముద్దాయిగా పేరుంటే చాలు, రాత్రింబవళ్లు పరిగెత్తి సంపాదించుకున్న ఎస్సై ఉద్యోగం చేతికందకుండా పోతుంది. మా నాన్నకు కూడా తెలుసు. రాంనగర్‌లో మా గల్లీ మొత్తానికి ఆయన అప్పటికే స్వీట్లు పంచేశాడు. కాగితం వాళ్లే రాసిపెట్టారు, చక్కగా, ఉపోద్ఘాతం, ముగింపు అన్నీ ఉన్నాయి. పెన్ను నా చేతిలో పెట్టారు. సంతకం పెడితే దొంగనవుతాను, ఉద్యోగం ఉంటుంది. పెట్టకపోతే దొంగను కాదు, ఉద్యోగం ఉండదు. ఆ వయసులో, ఆ భయంలో నేను పెన్ను మూత తీశాను.

అప్పుడు సారు వచ్చారు. కింద క్లాసులో ఒక్క మనిషీ లేకపోయేసరికి, కూరగాయల సంచీతో సహా మెట్లెక్కి వచ్చారు.

"ఏంటయ్యా, క్లాసు లేదా?"

మావాళ్లకు ఆయన్ని చూసి సంతోషమైంది. గురువుగారి ముందు పాఠం అప్పజెప్పే ఉత్సాహంతో, బోర్డు చూపించి, ఒక్కో దారీ వివరించారు. ఆయన ఓపిగ్గా అంతా విన్నారు. విని, ముందు చేసిన పని, ఒక కుర్చీ ఈడ్చి నా దగ్గర పెట్టడం. "కూర్చో" అన్నారు. అప్పటిదాకా నేను నిలబడే ఉన్నానని నాక్కూడా గుర్తులేదు. ఇంకో కుర్చీ ఈడ్చుకుని ఆయన కూర్చున్నారు. తర్వాత చెయ్యి చాచారు, కమిటీ వైపు.

"ఇతనే తీశాడన్నారు. ఏదీ?"

"హాల్ల ఈనొక్కడే ఉన్నడు సార్."

"నువ్వెక్కడున్నావు?"

"మెస్సుల."

"మెస్సులో ఉన్నవాడివి హాల్లో ఎవరున్నారో ఎలా చూశావు?"

"రోజు ఈనే ఉంటడు సార్. అందరికి తెలుసు."

"నేను అడిగింది ఇవాళ్టి సంగతి. కింద తలుపు తాళం వేశారా?"

వేయలేదు. మెట్ల తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. జిరాక్స్‌కు వచ్చినవాళ్లు కూడా మంచినీళ్లకు పైకి వస్తుంటారు. చాచిన చేతిలో పెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. సారు నా చేతిలోని కాగితం తీసుకుని చదివారు.

"బాగా రాశారు. అనుమానం మీది, తప్పు అతనిది, దయ మళ్లీ మీది. ఇందులో అక్క ల్యాప్‌టాప్ ఎక్కడుంది?"

ఆయన కాగితాన్ని చింపి సంచీలో ఆనపకాయ పక్కన వేసుకున్నారు. నాకు గుండె నిండా గాలి వచ్చింది. సారు నన్ను నమ్మారు అనుకున్నాను. లేచి, దాదాపు ఆయన కాళ్ల మీద పడబోయాను.

"సార్, నేను తియ్యలే సార్. మా అమ్మ తోడు."

ఆయన నా వైపు తిరిగారు. ఆ చెయ్యి, అదే చెయ్యి, నా ముందుకు వచ్చింది.

"ఏదీ?"

నా దగ్గర కూడా ఏమీ లేదు. తీయలేదని ఎలా చూపించను? నేను తిన్నాక చేయి కడుక్కోవడానికి కిందికి పోయి వచ్చాను. అప్పుడు ఎవరైనా వచ్చి ఉండొచ్చు. అదే చెప్పాను. చూశావా అన్నారు. లేదన్నాను. "మరి నాకూ తెలియదయ్యా" అన్నారు, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. అంతమంది ముందు అంత మామూలుగా అన్నారు ఆ మాట. నాకు ఒళ్లంతా మండిపోయింది. నన్ను కాపాడిన మనిషి మీదే, కమిటీ మీదకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

తర్వాత ఆయన అక్క పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు వినపడలేదు. చివరికి లేచి, "నీ వస్తువు పోయింది. ఫిర్యాదు ఇవ్వాల్సిందే. పదమ్మా" అన్నారు. నన్నూ రమ్మన్నారు. ముగ్గురం నడుచుకుంటూ స్టేషన్‌కు వెళ్లాం. అక్కడ బల్ల మీద ఆమెతో ఫిర్యాదు రాయించారు. ఎన్ని గంటలకు వెళ్లింది, ఎన్ని గంటలకు వచ్చింది, ఏ బల్ల, ఏ రంగు సంచీ, కెమెరా పనిచేయదు, తలుపు తాళం వేయరు, అన్నీ. ఆ వేళ హాల్లో ఉన్నది ఎవరు అన్నచోట నా పేరు రాయించారు.

"సార్, నా పేరెందుకు సార్?"

"ఉన్నావా లేదా?"

"ఉన్న సార్."

"ఉన్నావని రాసింది. తీశావని రాయలేదు. ఆమె చూడలేదు కాబట్టి రాయలేదు. చూసి ఉంటే నేనే రాయించేవాణ్ని." అక్క వైపు తిరిగి, "నీకు అనుమానం ఉంటే ఉండనివ్వమ్మా, దాన్ని ఎవరూ తీసేయలేరు. కాగితం మీద మాత్రం కళ్లతో చూసిందే పెట్టు" అన్నారు.

పోలీసులు తర్వాత నన్ను పిలిచారు. అడిగినవాటికి జవాబు చెప్పాను. హాలు యజమానిని పిలిచారు, జిరాక్స్ అతన్ని పిలిచారు. ల్యాప్‌టాప్ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. కేసు తెలియని వ్యక్తుల మీద ఉండిపోయింది, నా మీదికి రాలేదు. వెరిఫికేషన్ అయిపోయింది, ట్రైనింగ్‌కు వెళ్లాను, ఎస్సై అయ్యాను. అక్కకు ఆ ప్రయత్నంలో సివిల్స్ రాలేదు. ఆమె రాష్ట్ర సర్వీసులో వేరే ఉద్యోగంలో చేరిందని ఎవరో చెప్పారు. ఆ రోజు తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. రీడింగ్ హాల్లో నేను మళ్లీ అడుగు పెట్టలేదు.

సారు దగ్గరికి మాత్రం పోతూనే ఉన్నాను. ఎందుకు పోయేవాణ్నో నాకు బాగా తెలుసు. నన్ను నమ్మానని ఆయన నోటితో అనిపించుకోవాలని. మొదటి పోస్టింగ్ వచ్చినప్పుడు యూనిఫాంలో వెళ్లాను, మెచ్చుకుంటూ అంటారేమోనని. ఆయన నా భుజం మీది నక్షత్రాలను చూసి, "వేడిగా లేదూ?" అన్నారు. పెళ్లికి పిలిస్తే వచ్చి పెళ్లికూతురితో "మంచి కుర్రాడమ్మా" అన్నారు. ఎస్సైగా నేను పట్టిన కేసుల కబుర్లు చెబితే వింటూ వింటూ మధ్యలో చెయ్యి చాచేవారు. అరెస్టులు చెబితే, వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టావు, తిండి పెట్టావా, ఇంట్లోవాళ్లకు చెప్పావా అని అడిగేవారు. నేను ఎదురుచూసిన మాట ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడేవారు.

పోయినేడు ఆయన చూపు బాగా మందగించింది. నారాయణగూడలో కంటి డాక్టరుకు చూపించడానికి నేనే కారులో తీసుకెళ్లాను. వచ్చేటప్పుడు చౌరస్తాలో ట్రాఫిక్ నిలిచిపోయింది. ఆయన పక్క సీట్లో, కళ్లలో మందు వేసి ఉండటంతో, కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"సార్, గిన్ని ఏండ్లాయె. ఇప్పుడన్న చెప్పుండ్రి. ఆ ల్యాప్‌టాప్ నేను తియ్యలేదని మీరు నమ్మిన్రా, లేదా?"

ఆయన కళ్లు తెరవలేదు. బస్సు ఒకటి మా పక్కనుంచి ముందుకు జరిగింది.

"నువ్వంటే నాకు ఇష్టం. అది నిజం."

"ఇష్టం కాదు సార్. నమ్మకం."

"నమ్మానంటే నీకు బాగుంటుందయ్యా. కానీ ఆ రోజు నీకు కుర్చీ వేసింది నువ్వు మంచివాడివని కాదు. నువ్వే తీసి ఉన్నా వేసేవాణ్ని. ఇప్పుడు నమ్మానని చెబితే, ఆ కుర్చీ నీ మంచితనానికి వేసినట్టవుతుంది. రేపు నీ స్టేషన్లో నీకు నచ్చినవాడికే కుర్చీ వేస్తావు నువ్వు."

కోపంగానే ఉన్నాను. చిక్కడపల్లిలో ఇంటి ముందు దింపితే, చెయ్యి పట్టుకుని మెట్లెక్కారు. ఆ చెయ్యి చాలా తేలిగ్గా ఉంది. ఆయన్ని చూడటం అదే ఆఖరు. ఆ కోపం ఇవాళ పొద్దున ఫొటో చూసేదాకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఆయన లేరని తెలిశాక వెతికితే, కోపం కోసం తడిమిన చోట ప్రేమే తగిలింది. ఇంతకన్నా అందంగా చెప్పడం నాకు రాదు. ఆయనంటే నాకు ప్రాణం.

డ్యూటీ నుంచి పర్మిషన్ తీసుకుని చిక్కడపల్లి వెళ్లాను. ఇంటి ముందు గల్లీలో కుర్చీలు వేశారు. కోర్టు నుంచి వచ్చినవాళ్లు ఒకవైపు, మా అశోక్‌నగర్ వాళ్లు ఒకవైపు. సారు భార్య, అమ్మగారు, లోపల ఉన్నారు, ఆడవాళ్లంతా ఆవిడ చుట్టూ ఉన్నారు. అంబర్‌పేట శ్మశానానికి తీసుకెళ్లడానికి ఇంకా టైముందన్నారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. ఒక ఆఫీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన ఆవిడను మొదట గుర్తుపట్టలేదు. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది. నన్ను చూసి ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"తమ్మీ, మంచిగున్నవా?"

"మంచిగున్న అక్కా."

ఇద్దరం కాసేపు సారు ఫొటో వైపు చూశాం. ఎవరో అగరొత్తులు వెలిగిస్తున్నారు.

"నేను ఇన్నేండ్లు నిన్నే అనుకున్న" అంది అక్క, ఫొటో మీది నుంచి చూపు తిప్పకుండా. "ఆ దినం స్టేషన్ల సార్ కూసోబెట్టి రాయించిన్రు గద, అందుకే నీ పేరు తీసిండని రాయలే. రాయలేదు గని మనసుల నువ్వే అనుకున్న. సార్ దగ్గరికి పోయినప్పుడల్ల అడిగేది, చెప్పుండ్రి సార్, వాడే గద అని. ఆయన చెయ్యి సాపుడే గని ఎన్నడు అవునన్లే, కాదన్లే."

ఆమె కూడా అడిగేదని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఒకే మనిషిని ఆమె ఒకలాగా, నేను ఒకలాగా పట్టుకుని పీడించామన్నమాట.

"మరి ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు..." ఆమె నా వైపు తిరిగింది. "నాకు తెల్వదు తమ్మీ. నువ్వు తీసినవో లేదో నిజంగ నాకు తెల్వదు. గిది అననీకి నాకు ఇన్నేండ్లు పట్టింది."

వేరే ఏ రోజైనా ఆ మాటకు నా మొహం మాడిపోయేది. ఇవాళ అలా కాలేదు. దీని కోసమే ఎదురుచూస్తున్నానా అన్నంత తేలికైంది. తీయలేదక్కా అని ఒట్టు పెట్టుకోవాలని కూడా అనిపించలేదు.

"సరే అక్కా" అన్నాను.

లోపల నుంచి ఎవరో ఆడవాళ్లను పిలిచారు, అమ్మగారి దగ్గరికి రమ్మని. అక్క చెప్పులు విడిచి, భుజం మీది ఆఫీసు బ్యాగు తీసింది. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసింది. జీపు డ్రైవర్ దగ్గర్లోనే ఉన్నాడు. ఆమె బ్యాగును నా చేతికిచ్చింది.

"జర పట్టుకో తమ్మీ. వస్త" అని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.